సన్నసెగ మీద ఆరోగ్యం

విదాద్‌కి ఉల్లిపాయ తరగడం రాదు. భాషాశాస్త్రంలో మాస్టర్స్ చేసింది, మూడు భాషల్లో వాదించగలదు, కానీ ఉల్లిపాయ చేతికిస్తే దాన్ని తరగదు, గాయపరుస్తుంది. అలాంటి మా ఆడపడుచు, మా మెక్నెస్ ఊరి ఆడవాళ్ళ వంటల మీద పరిశోధన చేస్తానని ప్రకటించిన రోజున మా అత్తయ్య లల్లా బతూల్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వా? వంట మీదా?"

"వంట మీద కాదమ్మా. వంట గురించి మీరు మాట్లాడే మాటల మీద."

"మాటలా. అదైతే నీకు చేతనవును," అని అత్తయ్య మళ్ళీ గ్లాసు అందుకుంది.

నిజానికి ఆ పరిశోధన రాసేది కూడా విదాద్ కాదు. మిహ్బరా అని ఒక వెబ్‌సైటు ఉంది. మిహ్బరా అంటే సిరాబుడ్డి. పేరుకే గాని అందులో సిరాచుక్క లేదు, కలం పట్టే మనిషీ లేడు. మనం ఒక ప్రశ్న వేసి, మన దగ్గరున్న సరుకంతా అందులో పోస్తే చాలు, యంత్రమే చదువుతుంది, లెక్కలు కడుతుంది, ఇంగ్లీషులో వ్యాసం రాసి లోకానికి కనపడేలా పెట్టేస్తుంది. వ్యాసం కింద 'మళ్ళీ నడిపించు' అని ఒక మీట ఉంటుంది. ఎక్కడివాళ్ళైనా సరే దాన్ని నొక్కితే యంత్రం ఆ పనంతా మొదటి నుంచి చేసి చూపిస్తుంది. మొదటి ఫలితమే మళ్ళీ వస్తే వ్యాసం పక్కన ఒక పచ్చచుక్క పడుతుంది. చుక్కలు ఎక్కువైన కొద్దీ వ్యాసం పైకి పోతుంది.

"శనగలు ఉడికాయో లేదో ఒక గింజ నొక్కి చూసినట్టన్నమాట," అన్నాను నేను.

"గింజ కాదు వదినా, కుండ మొత్తం మళ్ళీ వండి చూసినట్టు," అంది విదాద్ గర్వంగా.

ఆమె తొందర వేరు. మాస్టర్స్ అయ్యాక రబాత్‌లో ఒకసారి, ఫెజ్‌లో ఒకసారి పీహెచ్‌డీ సీటు కోసం ప్రయత్నించి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అమ్మాన్‌లో డాక్టర్ ఫవ్వాజ్ అనే ప్రొఫెసర్ ఉన్నాడు. అరబ్బీ మాట్లాడే ఇళ్ళలో రోజువారీ మాట ఎలా ఉంటుందన్నది ఆయన చదువు. ఆయన దగ్గర ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది. మిహ్బరాలో పైకొచ్చిన వ్యాసాలు చూసి ఆయనే మనిషిని పిలుస్తాడట. ఆ సీటు విదాద్‌కి కావాలి. ఎంతగా కావాలంటే, అడిగిన ప్రతి ఇంట్లోనూ ఉల్లిపాయలు తరగడానికి కూడా ఒప్పుకుంది.

అయితే మా పేటలో ఎవరూ విదాద్ ముందు నోరు విప్పరు. చదువుకున్న పిల్ల, ఫోను టేబుల్ మీద పెట్టి "మాట్లాడండి" అంటే ఎవరైనా ఏం మాట్లాడతారు? అందుకని నేను వెంట వెళ్ళాల్సి వచ్చింది. ఏ ఇంటికెళ్ళినా ముందు టీ, తరువాత మ్సెమ్మెన్ రొట్టె, ఆ తరువాత "ఏమీ తినలేదు మీరు" అన్న నిష్ఠూరం. అవన్నీ దాటాకే మాట మొదలయ్యేది. ఒకసారి మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. మట్టిపాత్రలో వండే తాజీన్ కూరలో మాంసం ముందా ఉల్లిపాయ ముందా అన్నచోట అత్తాకోడళ్ళ మధ్య పాత గొడవలు లేచేవి. ఎవరింట విన్నా సెగ గోలే. పెంచాలి, తగ్గించాలి, ఆర్పేసి మూత పెట్టి వదిలెయ్యాలి. మా పక్కింటి ఇతిమాద్ ఒక్క నిమ్మకాయ తాజీన్ గురించి చెప్పడానికి ఒక మధ్యాహ్నమంతా తీసుకుంది. మా అత్తయ్య చెప్పింది. చివర్లో మొహమాటానికి నన్నూ మాట్లాడించింది విదాద్.

ఫోనులో రికార్డు చేసిన ఆ గొంతులన్నీ సిరాబుడ్డిలో పోసింది. టీ కాగేలోపు వ్యాసం తయారైంది.

విదాద్ ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "వదినా, మీ అందరిలో ఇంత విషయం ఉందని మీకే తెలీదు! మెక్నెస్ ఆడవాళ్ళు వంట చేసేటప్పుడు ఉప్పు కన్నా, నూనె కన్నా, మాంసం కన్నా ఎక్కువసార్లు దేని పేరు ఎత్తుతారో చెప్పు?"

"మొగుడి పేరా?"

"ఆరోగ్యం వదినా, ఆరోగ్యం! మాట మాటకీ ఆరోగ్యమే. మీకు వంటా వైద్యమూ వేరు కాదని యంత్రం తేల్చింది."

నాకు కాస్త ఆశ్చర్యం వేసిన మాట నిజం. మా అత్తయ్య నోట ఆరోగ్యం అన్న మాట నేను విన్నది డాక్టరు దగ్గర మాత్రమే, అదీ డాక్టరు అన్నాక. కానీ విదాద్ నాకు మొదటి పేజీ మాత్రమే చూపించింది. అందులో మా అత్తయ్య వయసు తప్పు పడిందని చెప్పాను. "ఈ స్త్రీలకు వంటకు పట్టే సమయం తెలియదు, వారి వివరణలు అసంపూర్ణం" అని ఒక వాక్యం కూడా కనపడింది. అది నాకు నచ్చలేదు. సమయం తెలియకుండానే ఇంతమందికి ఇన్నేళ్ళు వండిపెట్టామా అని అడిగాను. "అది చిన్న విషయం వదినా," అని విదాద్ ఫోను లాక్కుని వెళ్ళిపోయింది.

వ్యాసం ఎక్కడెక్కడివాళ్ళకో నచ్చింది. కైరో నుంచి, బేరూత్ నుంచి, ఎవరో కొరియా నుంచి కూడా మీట నొక్కి నడిపించారు. ప్రతిసారీ అదే ఫలితం. పచ్చచుక్కలు కొత్తిమీర కట్టలా గుబురుగా పెరిగాయి. మా ఆయన మున్సిఫ్ కాఫీ హోటల్లో అందరికీ చూపించాడు. అత్తయ్య హమ్మామ్ స్నానశాలలో వీపు రుద్దించుకుంటూ పేటంతటికీ వినపడేలా చెప్పింది. చెప్పాక వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, జనం నమ్మారు. ఇతిమాద్ టీలో పంచదార మానేసింది. మొగుడు మొహం చిట్లిస్తే "మేం ఆరోగ్యం గురించి ఆలోచించే మనుషులం. ఇంగ్లీషులో రాశారు, చూసుకో," అందట. ఆ మగమనిషి ఎదురుపడినప్పుడల్లా విదాద్‌ని చూసే చూపు బాగుండేది కాదు.

అప్పుడే అమ్మాన్ నుంచి డాక్టర్ ఫవ్వాజ్ ఫోను చేశాడు.

గురువారం మధ్యాహ్నం. విదాద్ హాల్లో ఫోను గోడకి ఆనించి, జుట్టు సర్దుకుని, కుర్చీ అంచున కూర్చుంది. అత్తయ్యా నేనూ వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్నామన్న పేరుతో తలుపు ఓరగా తెరిచి పెట్టుకున్నాం. ఆయన గొంతు మృదువుగా, నింపాదిగా ఉంది. సోమవారం కమిటీ కూర్చుంటుందని, తన మాట విదాద్‌కేనని, ఇక మిగిలింది సంతకాలేనని చెప్పాడు.

అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చేతిలోని బఠాణీలు గచ్చు మీద దొర్లాయి.

"అన్నిటికన్నా నన్ను కదిలించింది ఒక ఇల్లాలి మాట," అన్నాడాయన. వ్యాసంలోంచి ఇంగ్లీషులోనే చదివి వినిపించాడు. "'ఇల్లు దాటే ముందు నా ఆరోగ్యాన్ని ఆర్పేసి బయలుదేరతాను.' ఎంత మాట! కుటుంబం కోసం తనను తాను ఆర్పేసుకునే స్త్రీ. చదివిన ప్రతిసారీ నాకు కన్నీళ్ళు ఆగలేదు."

ఎవరబ్బా ఈ అభాగ్యురాలు అనుకున్నాను. పేటలో అందరి మొహాలూ తలుచుకున్నాను. ఎవరూ సరిపోలేదు.

ఆయన సెలవు తీసుకుంటూ తమ ఊరి మర్యాద ప్రకారం నిండుమనసుతో ఒక దీవెన ఇచ్చాడు. "అల్లా నీకు ఆఫియా ఇవ్వాలమ్మా!"

అత్తయ్య ఒక్క ఉదుటున లేచింది. ఒళ్ళో ఉన్న బఠాణీ తొక్కలన్నీ నేలపాలయ్యాయి.

"ఏమన్నాడు వాడు? నా పిల్లకి నిప్పు పెడతాడా? అల్లా చేత పెట్టిస్తాడా? సీటిస్తానని పిలిచి శాపనార్థాలా!"

విదాద్ అప్పటికే ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. సంతోషం, నవ్వు కలిసి మనిషి నిలబడలేకపోతోంది. "అమ్మా, అమ్మా, ఆగు! అది శాపం కాదు. వాళ్ళ దగ్గర అది దీవెన. మనకి ఆఫియా అంటే నిప్పు గానీ, అటు తూర్పున ఆఫియా అంటే..."

నవ్వు అక్కడే ఆగిపోయింది. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

"ఆఫియా అంటే ఏంటే?" అంది అత్తయ్య.

"ఆరోగ్యం," అంది విదాద్, గోడతో చెప్తున్నట్టు.

మా అత్తయ్య టీవీలో చూసే సీరియళ్ళన్నీ మా మాటలోకి మార్చినవే. తూర్పువాళ్ళ అరబ్బీ ఆవిడ చెవిన పడే సందర్భం లేదు. నాకూ విదాద్‌కీ రెండర్థాలూ తెలుసు. కానీ తెలిసిన రెండూ ఒకేచోట కలవడానికి ఆ రోజుదాకా పని పడలేదు. విదాద్ ఫోను తీసి, వ్యాసం చివర యంత్రం చిన్న అక్షరాల్లో పెట్టిన ఉదాహరణల దగ్గరికి వెళ్ళింది. మేం ముగ్గురం బఠాణీ తొక్కల మధ్య నిలబడి చదివాం. విదాద్ ఇంగ్లీషులోంచి మా మాటలోకి మార్చి చెప్తోంది, గొంతు క్రమంగా సన్నబడుతోంది.

"'మాంసం వేశాక ఆరోగ్యం తగ్గించాలి.'"

"ఎవరే అన్నది?" అంది అత్తయ్య.

"ఇతిమాద్. 'నా కోడలికి ఆరోగ్యం ఎక్కువ. అన్నీ మాడ్చేస్తుంది.' ఇది నువ్వేనమ్మా."

"కోడలంటే నేనేనా అత్తయ్యా?" అన్నాను.

"నేను నిప్పు గురించి అన్నాను!" అని అత్తయ్య ఎర్రబడింది. అది సంజాయిషీ అనుకుని చెప్పింది.

"'అంతా అయ్యాక ఆరోగ్యం పూర్తిగా ఆర్పేసి, పైన కొత్తిమీర చల్లాలి.'" విదాద్ ఇక ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వదినా, ఆ అభాగ్యురాలు, ఇల్లు దాటే ముందు ఆరోగ్యం ఆర్పేసే ఆవిడ ఎవరో తెలుసా?"

తెలిసింది. వీధిలోకి వెళ్ళే ముందు ఒకసారి వెనక్కొచ్చి పొయ్యి కట్టేశానో లేదో చూసుకోవడం నాకు అలవాటు. విదాద్ ఫోను ముందు మొహమాటపడుతూ నేను చెప్పింది ఆ ఒక్క ముక్కే. నేను మాట్లాడింది గ్యాస్ బండ గురించి. అమ్మాన్‌లో ఒక పెద్దమనిషి దానికి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

యంత్రం చదువుకున్నది ఎక్కువగా తూర్పువాళ్ళ అరబ్బీ. రాతలో రెండూ ఒకే మాట. కైరోలో నడిపించినా కొరియాలో నడిపించినా అది అదే అర్థం తీసుకుంది, అదే వ్యాసం రాసింది. కుండ మొత్తం మళ్ళీ మళ్ళీ వండారు గానీ, ఉప్పు డబ్బాలో ఉన్నది పంచదార అని ఎవరూ నాలిక మీద వేసుకుని చూడలేదు. తెలిసినవాళ్ళం మేమే. మేం ఆ ఇంగ్లీషు వ్యాసం చివరిదాకా చదవలేదు.

సాయంత్రం డాబా మీద దుప్పట్లు తీయడానికి వెళ్ళాను. విదాద్ తీగల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. దుప్పటి ఒక కొస ఆమె చేతికిచ్చాను. లేచి పట్టుకుంది. ఇద్దరం చెరొక వైపు లాగి మడత పెట్టసాగాం.

"సోమవారం సంతకాలు పెడతారు," అంది.

"ఊఁ."

"కమిటీలో ఉన్నవాళ్ళంతా అటువాళ్ళే. ఒక్కరికీ అనుమానం రాదు. ఇక్కడివాళ్ళెవరూ ఆ చివరి పేజీలు చదవరు. నువ్వు, అమ్మ మాట్లాడకపోతే..."

"మీ అమ్మ మాట్లాడకపోవడం ఎప్పుడైనా చూశావా?"

"నేను నవ్వడానికి అడగట్లేదు వదినా. అక్కడికెళ్ళాక అన్నీ సరిచేసుకోవచ్చు కదా. ముందు సీటు రానీ. ఇది పోతే మళ్ళీ ఎక్కడికని తిరగను?"

మడత నా వైపు వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ లాగమన్నాను. విసుక్కుంటూ లాగింది.

"నన్నడగకు విదాద్. నువ్వెళ్తే నాకు సంతోషమే. ఉల్లిపాయలు నాకు మిగుల్తాయి. కానీ ఆ వ్యాసంలో నేనున్నాను. ఎవరో నా కోసం ఏడుస్తున్నారు. వద్దు మహానుభావా, బాగానే ఉన్నాను అని ఆయనకి చెప్పాలనిపిస్తోంది. అంతకుమించి నాకేం తెలీదు."

ఆమె చివరి దుప్పటి మడతపెట్టాక దాన్ని ఛాతీకి హత్తుకుని నిలబడింది.

"అక్కడ పొద్దున లేస్తే ప్రతివాడూ ప్రతివాడికీ ఆఫియా ఇస్తాడు," అంది. "కిరాణా కొట్టువాడు ఇస్తాడు, టాక్సీవాడు ఇస్తాడు. ఇచ్చిన ప్రతిసారీ నాకు నీ గ్యాస్ బండే గుర్తొస్తుంది. ఎన్నేళ్ళు అక్కడుండాలి నేను?"

"మూడా, నాలుగా?"

"పిచ్చెక్కుతుంది వదినా," అని దుప్పటి నా చేతిలో పడేసి కిందికి దిగిపోయింది.

అయినా వెంటనే ఓడిపోయే రకం కాదు మా విదాద్. మర్నాడు ఉదయమే ఒక ఉపాయం ఆలోచించింది. సిరాబుడ్డిలో పాత పనిని అలాగే ఉంచి, ఒక్క మాటకి అర్థం మార్చి, కొత్తగా నడిపించవచ్చట. సోమవారంలోపు సరైన వ్యాసం పెట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, సీటూ దక్కుతుంది. ఆఫియా అంటే నిప్పు అని ఒక్క వరుస చేర్చి మీట నొక్కింది. ఆ రోజు శుక్రవారం. నేను గోధుమరవ్వ కుస్‌కుస్ ఆవిరికి పెట్టి వచ్చేసరికి వ్యాసం తయారుగా ఉంది.

విదాద్ పైకి చదివింది. "'మెక్నెస్ స్త్రీలలో అగ్నిభయం.'"

"ఏంటీ?"

"'ఈ స్త్రీలు నిరంతరం నిప్పును ప్రస్తావిస్తారు. దాన్ని తగ్గించడానికీ ఆర్పడానికీ తహతహలాడతారు. ఇది గతంలో జరిగిన ఏదో పెద్ద అగ్నిప్రమాదపు జ్ఞాపకం కావచ్చు. ప్రతి ఇంటికీ మంటలార్పే పరికరం అందించాలని సిఫారసు చేస్తున్నాం.'"

అత్తయ్య ఆవిరి పట్టిన కుస్‌కుస్‌ని పళ్ళెంలో వేసి వేళ్ళతో విడదీస్తోంది. "మనకి భయమా? నిప్పంటేనా?" అంది, చేతులకి పొగలు తగులుతుండగానే.

"మొదటిది ఎంత ధీమాగా చెప్పిందో ఇదీ అంతే ధీమాగా చెప్తోంది," అంది విదాద్. ఆమె మొహంలో నవ్వు లేదు. "వదినా, దీన్ని పెడితే దీనికీ పచ్చచుక్కలు పడతాయి. ఇదీ పైకి పోతుంది. ఎవరో ఒకాయన దీనికీ ఏడుస్తాడు."

దాన్ని పెట్టలేదు.

భోజనాలయ్యాక అసలు గొంతులు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. రికార్డు చేశాక విదాద్ వాటిని మళ్ళీ వినడం అదే మొదటిసారి. అప్పటిదాకా యంత్రమే విన్నది. నేను గిన్నెలు తుడుస్తూ విన్నాను. ఇతిమాద్ గొంతు, వెనకాల ఆవిడ కోడి, మధ్యలో మా అత్తయ్య దగ్గు. వింటూ వింటూ నాకు పాత కోపం గుర్తొచ్చింది.

"సమయం తెలీదని రాసింది కదా ఆ యంత్రం. నువ్వు చెప్పు, అందులో ఎవరైనా గడియారం పేరెత్తారా?"

విదాద్ వెనక్కి తిప్పి విన్నది. ఇంకొక ఇల్లు విన్నది. తరువాత కాగితం తెచ్చుకుంది. ఎవ్వరూ నిమిషాలు చెప్పలేదు, గంటలు చెప్పలేదు. అందరూ చెప్పింది సెగ. సన్నసెగ మీద ఉల్లిపాయ నోరు మూసుకునేదాకా. పెద్దమంట మీద నూనె కసురుకునేదాకా. ఒకావిడ, మెట్ల మీద కూర్చున్న పిల్లికి వాసన తగిలి లేచేదాకా అంది. ఇతిమాద్ అయితే, పక్కింటి నుజ్హా తలుపు తీసి 'ఏం వండుతున్నావు' అని అడిగేదాకా అంది. నుజ్హా అంటే నేనే.

"నువ్వు ఇతిమాద్‌కి గడియారానివి వదినా!" అని విదాద్ అప్పుడు నిజంగా నవ్వింది. "వీళ్ళకి సమయం తెలీకపోవడం కాదు. వీళ్ళు సమయాన్ని సెగతో చెప్తున్నారు. ఇది... ఇది రాయొచ్చు!"

"సోమవారానికి అవుతుందా?"

"అవదు. ఇది నేనే కూర్చుని రాయాలి. ప్రతి గొంతూ వినాలి." "అవదు," అని మళ్ళీ అంది, ఈసారి మెల్లగా.

ఫోను తీసి, మొదటి వ్యాసం పైన నాలుగు వరుసలు పెట్టింది. పెట్టే ముందు నాకు చూపించింది. "మా ఊళ్ళో ఆఫియా అంటే నిప్పు. యంత్రం దాన్ని ఆరోగ్యం అనుకుంది, నేను చూసుకోలేదు. ఈ వ్యాసంలో ఆరోగ్యం అన్నచోటల్లా పొయ్యి మంట అని చదువుకోండి, అప్పుడు ఇందులో ఏమీ మిగలదు. ఆ ఇల్లాలు మా వదినే, గ్యాస్ కట్టేసి బజారుకి వెళ్ళింది, క్షేమంగా తిరిగొచ్చింది." చివరి వాక్యం అవసరమా అని అడిగాను. ఆయన కోసం అంది. 'తిరిగొచ్చింది' పక్కన ఫుల్‌స్టాప్ పెట్టలేదని చెప్పాను. పెట్టి, మీట నొక్కింది. చూస్తుండగానే పచ్చచుక్కలన్నీ బూడిదరంగులోకి మారాయి. వాడిపోయిన కొత్తిమీరలాగా.

తరువాత రెండు రోజులూ వ్యాసం కింద ఒకటే నవ్వులు. మా వైపు వజ్దా ఊరి నుంచి ఒకావిడ, "నా ఆరోగ్యం మీద పాలు పొంగిపోతున్నాయి, మళ్ళీ వస్తా," అని రాసింది. పారిస్‌లో ఉంటున్న మావాడొకడు, తను మొదటి రోజే అనుమానపడ్డానని, ఎవరో సరిచేస్తారులే అని ఊరుకున్నానని రాశాడు. వాడిని విదాద్ ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు.

ఇతిమాద్ పరుగున వచ్చి, విషయమంతా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అయితే నేను టీలో పంచదార వేసుకోవచ్చా?"

"వేసుకో అక్కా," అన్నాను.

"మా ఆయనకి మాత్రం చెప్పకు. గెలిచాననుకుంటాడు."

హమ్మామ్ సంగతి ఏమిటని విదాద్ తల్లిని బెరుగ్గా అడిగింది. అంతమందిలో గొప్పలు చెప్పుకున్న మనిషి ఇప్పుడు మొహం ఎలా చూపిస్తుందోనని ఆమె దిగులు. అత్తయ్య తేలిగ్గా తీసిపారేసింది. "నేను చూసుకుంటాలే. వాళ్ళకి నిప్పంటే ఏంటో తెలుసు, నువ్వంటే ఏంటో కూడా తెలుసు. ముందు ఆ గొంతుల మధ్య నా దగ్గు వినిపించకుండా చెయ్యగలవా? ముసలిదాన్లా వినపడుతున్నాను."

సోమవారం గడిచింది. మంగళవారం కూడా. బుధవారం మధ్యాహ్నం విదాద్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితాల మీద రాస్తోంది. నేను ఇచ్చిన ఉల్లిపాయలు పక్కన ఒక గిన్నెలో సగం గాయపడి ఉన్నాయి. ఫోను మోగింది. అమ్మాన్.

"స్పీకరు పెట్టు," అంది అత్తయ్య. పెట్టక తప్పలేదు.

డాక్టర్ ఫవ్వాజ్ ముందు క్షేమసమాచారాలు అడిగాడు. తరువాత ఉన్నమాట చెప్పాడు. కమిటీ సీటు ఇంకొకరికి ఇచ్చింది. వ్యాసం వెనక్కి తీసుకున్న మనిషికి ఇవ్వడానికి వాళ్ళ నిబంధనలు ఒప్పుకోలేదు. తను వాదించాడు గానీ, వాదిస్తున్నంతసేపూ మిగతావాళ్ళు తన కన్నీళ్ళ సంగతి గుర్తుచేసి నవ్వుతూనే ఉన్నారట.

విదాద్ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "నాకు అర్థమైంది డాక్టర్‌గారూ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను."

"నేనూ మీట నొక్కి నడిపించాను తల్లీ. ఒకసారి కాదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మాట అంటున్నాను, మీ వైపు దానికి ఇంకో అర్థం ఉందని ఎవరూ చెప్పలేదు. తప్పు నీదైతే సగం నాది." తరువాత నా సంగతి అడిగాడు. "ఆ ఇల్లాలు... మీ వదినగారట. బాగున్నారా?"

"బాగున్నానండీ," అన్నాను స్టవ్ దగ్గర నుంచే. "గ్యాస్ కూడా కట్టేశాను."

ఆయన నవ్విన చప్పుడు వినపడింది. తరువాత, ఇప్పుడేం చేస్తున్నావని విదాద్‌ని అడిగాడు. గడియారం లేకుండా వంటలో సమయం చెప్పడం గురించి ఆమె చెప్పింది. ముందు తడబడుతూ, తరువాత తడబాటు మరిచిపోయి, పిల్లి సంగతి, ఇతిమాద్ సంగతి, నూనె కసురుకోవడం, అన్నీ చెప్పింది. ఆయన మధ్యలో ఎక్కడా అడ్డురాలేదు.

"రాస్తున్నది యంత్రమా, నువ్వా?"

"నేనే. లెక్కలు మాత్రం దానికిస్తున్నాను. అది ఇచ్చినవి మా వదిన చూస్తోంది. ఆవిడ కామాలు కూడా వదలదు."

"వసంతకాలంలో ఇంకో సీటు వస్తుంది. మాట ఇవ్వలేను. కానీ అది నాకు పంపు. ఈసారి చివరి పేజీ నుంచి చదువుతాను."

పంపుతానంది విదాద్. చెయ్యి అనుకోకుండా ఉల్లిపాయ గిన్నె మీదికి పోయింది, ఒక ముక్క తీసుకుని నలుపుతూ కూర్చుంది.

ఆయన సెలవు తీసుకోబోయాడు. "సరే మరి. హాజ్జాగారికి, అదే మీ అమ్మగారికి, నా సలాములు. అల్లా మీ అందరికీ ఆఫియా..."

అక్కడ ఆగిపోయాడు. విదాద్ పెదాలు బిగించి నవ్వాపుకుంటోంది. నాకు చేతిలో గరిటె ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అత్తయ్య కుర్చీలోంచి ముందుకు వంగి ఫోను తన వైపు లాక్కుంది.

"నీకూ ఇవ్వాలి నాయనా," అంది ప్రేమగా. "కాకపోతే, సన్నసెగ మీద."